రాగి రేకుతో మాసెరాటి

మాసెరాటి 250ఎఫ్ రేసు కారుకు చిన్న మోడల్ చేస్తానని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది "ఏ తేదీ నాటిది?" అని. అడిగించుకున్నవాళ్ళు తెల్లమొహం వేస్తారు. మారుతి 800కి ఆ ప్రశ్న అక్కర్లేదు, ఫ్యాక్టరీ గేటు దాటి వచ్చింది ఏదైనా ఒకటే. 250ఎఫ్ సంగతి అలా కాదు. ఇటలీలో మోదెనా ఊళ్ళో 1954 నుంచి కొన్నేళ్ళపాటు చేసిన ఈ రేసు కార్లు మొత్తం కలిపి పాతిక దాకా ఉంటాయి. పోలిక ఉంటుంది గానీ ఏ రెండూ అచ్చంగా ఒకటి కావు. చేత్తో కొట్టిన రేకాయె. ఒక రేసుకీ ఇంకో రేసుకీ మధ్య ముక్కు సాగేది, వేడి గాలి పోవడానికి పక్కన కోసిన చీలికలు మారేవి, గుద్దుకుని వచ్చిన కారుకు కొత్త మూతి వచ్చేది. ఒక కారు ఛాసిస్ నంబరు, అంటే అడుగు పంజరం మీది నంబరు, ఇంకో కారుకు ఎక్కిన సందర్భాలూ ఉన్నాయి. అందుకని "250ఎఫ్ చేస్తున్నా" అంటే చాలదు. ఏ కారు, ఏ రోజున, ఏ ట్రాక్ మీద నిలబడినప్పటి కారు, అది తేల్చుకోవాలి.

నేను తేల్చుకున్నది 1957 ఆగస్టు 4. జర్మనీలో నూర్‌బర్గ్‌రింగ్. ఛాసిస్ 2529, ఒంటి మీద 1 నంబరు, లోపల డ్రైవరు హువాన్ మాన్యుయెల్ ఫాంజియో.

ఇదంతా తొంభైల మొదట్లో మాట. బాలానగర్‌లో అచ్చులూ పనిముట్లూ చేసే ఒక టూల్‌రూమ్‌లో ఉద్యోగం, సనత్‌నగర్‌లో రెండు గదుల వాటా, తెనాలి నుంచి వచ్చి నాతో ఉంటున్న అమ్మ. ఆదివారం వస్తే ఆబిడ్స్. మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచేవాళ్ళు, ఇప్పటికీ పరుస్తున్నారు. అక్కడ కిలోల లెక్కన వచ్చిన ఇంగ్లీషు మోటారు పత్రికల కట్టలో నాకు ఈ కారు దొరికింది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. మధ్యలో మాత్రం రెండు పేజీల నిండా 250ఎఫ్‌ను పైరేకు తీసేసి లోపల గొట్టాలూ ఇంజనూ కనపడేలా గీసిన బొమ్మ, దాని వెనక నాలుగైదు ఫోటోలు, ఒక మూల కొలతల పట్టిక. ఆ పట్టిక లేకపోతే నేను ఆ కట్ట ముట్టుకునేవాణ్ణి కాదేమో. టూల్‌రూమ్ వాడికి అందం కన్నా ముందు కొలత కనపడుతుంది.

ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2280 మిల్లీమీటర్లు. పన్నెండుతో భాగిస్తే 190, శేషం సున్నా. స్కేలు 1:12 అని అప్పుడే ఖాయమైపోయింది. విదేశాల్లో రేసు కార్లకు ప్లాస్టిక్ కిట్లు దొరుకుతాయని తెలుసు, అవి అప్పట్లో మనదాకా వచ్చేవి కావు, వచ్చినా మన జీతానికి అందేవి కావు. పోనీలే, మన దగ్గర లేత్ ఉంది, ఆకురాళ్ళు ఉన్నాయి, సాయంత్రాలు ఉన్నాయి.

డ్రాయింగు తయారు చేసింది ఒక జిరాక్స్ మిషను. కొత్తగా వచ్చిన మిషన్లలో పెంచడం తగ్గించడం ఉండేది కదా, షాపు కుర్రాణ్ణి బతిమాలి, పక్క నుంచి తీసిన ఫోటోను నూట పది శాతం, నూట పదమూడు శాతం అంటూ పెంచుకుంటూ పోయాను, రెండు చక్రాల నడుమ స్కేలు పెడితే సరిగ్గా 190 మిల్లీమీటర్లు వచ్చేదాకా. అయితే అన్ని ఫోటోలూ దీనికి పనికిరావు. కెమెరా కాస్త ముందుకో వెనక్కో ఉంటే కొలత అబద్ధం చెబుతుంది. దానికి చిట్కా చక్రం దగ్గరే ఉంది. కంపాస్ పెట్టి చూస్తే చక్రం నిండు గుండ్రంగా ఉంటే కెమెరా ఎదురుగా నిలబడినట్టు. కోలగా ఉంటే ఆ ఫోటో ఆకారం అర్థం చేసుకోవడానికే తప్ప కొలవడానికి కాదు. దూరం నుంచి తీసింది అయితే ఇంకా మంచిది. నా దగ్గరున్న వాటిలో ఈ పరీక్షలో నెగ్గింది ఒక్కటే.

మా టూల్‌రూమ్‌లో చాచా ఉండేవాడు. లేత్ మీద పనిచేసే టర్నరు, రిటైర్మెంటుకు దగ్గర పడ్డాడు, పాతబస్తీ నుంచి సైకిలు మీద వచ్చేవాడు. లంచ్‌లో నా జిరాక్స్ కాగితాలు చూసి "ఏందిది?" అన్నాడు. చెప్పాను. రేసు కథ అడిగాడు. కథ చెప్పడం నాకిష్టమే కనక మొదలుపెట్టాను.

"ఒక్క రౌండు ఇరవై రెండు కిలోమీటర్ల పైన, చాచా. కొండలు, అడవి, లెక్కలేనన్ని మలుపులు. అలాంటివి 22 రౌండ్లు. ఫెరారీ వాళ్ళు ఇద్దరు, హాథార్న్, కాలిన్స్ అని కుర్రాళ్ళు, ట్యాంకు నిండా పెట్రోలు పోసుకుని ఆగకుండా పోదామనుకున్నారు. మన ఫాంజియో సగం ట్యాంకుతో బయల్దేరాడు. బరువు తక్కువ, టైర్లు మెత్తనివి, ముందుకు పోయి మధ్యలో ఒకసారి ఆగి పెట్రోలూ టైర్లూ మార్చుకుని మళ్ళీ పోదామని."

"దిమాగ్ ఉన్నోడు."

"ఆగేసరికి దాదాపు అరనిమిషం ముందున్నాడు. చక్రం మారుస్తుంటే మెకానిక్ చేతిలోంచి నట్టు జారి కారు కిందకి పోయింది."

చాచా తింటున్న రొట్టె ఆపేశాడు. "నట్టు పడేసిండా?"

"పడేశాడు. అది వెతికి బిగించేసరికి ఈయన ముప్పావు నిమిషం పైన వెనకబడ్డాడు."

"మేస్త్రి ఏమన్నడు వాణ్ణి?"

మేస్త్రి ఏమన్నాడో పత్రికలో రాయలేదు. తరవాత జరిగింది రాశారు. ఫాంజియో రౌండు తరవాత రౌండు తన రికార్డు తనే బద్దలు కొట్టుకుంటూ పోయాడు. రేసుకు ముందు ఎవరు ఎక్కడ నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో అందరికన్నా వేగంగా తిరిగిందీ తనే, 9 నిమిషాల 25.6 సెకన్లలో. రేసులో 9 నిమిషాల 17.4 సెకన్లకు దించాడు. ఆఖరు రౌండుకు ముందు రౌండులో ఫెరారీలు రెంటినీ దాటేసి, 3.6 సెకన్ల తేడాతో గెలిచాడు. అది ఆయన 24వ గెలుపు, చివరిది కూడా. ఐదో వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఆ రోజే ఖాయమైంది. అప్పటికి ఆయన వయసు 46.

చాచాకు ఛాంపియన్‌షిప్‌లు పట్టలేదు. నట్టు మాత్రం మనసులో ఉండిపోయింది. ఆ నట్లు మామూలువి కావు, చక్రం మధ్యలో ఒక్కటే ఉంటుంది, రెండు చెవులుంటాయి, సీసపు సుత్తితోనో రాగి సుత్తితోనో కొట్టి బిగిస్తారు. "చక్రాల నట్లు నేను చేస్త, ఎవర్నీ ముట్టనియ్యకు" అన్నాడు. ఇత్తడి కడ్డీ నుంచి, గింజంత నట్టుకు రెండు చెవులు తీసి, లోపల మరలు కోసి ఇచ్చాడు. ఒకటి ఎక్కువే చేశాడు. "ఒకటి కింద పడుతది గదా" అని.

బొమ్మ మొదట చెక్కలో పుట్టాలి. రేకు కొట్టాలంటే అడుగున అచ్చు ఉండాలి. మొదట తెల్లపొణికి మీద చేయి చూసుకున్నాను, కొండపల్లి బొమ్మలు చేసేది దాంతోనే. కత్తికి ఎంత మెత్తగా తెగుతుందంటే, ఆకారం తప్పో ఒప్పో తొందరగా తెలిసిపోతుంది. కానీ సుత్తి దెబ్బకు తట్టుకోదు. ఒంపులన్నీ అందులో తేల్చుకున్నాక, అట్టముక్కలతో కొలతలు పట్టి, సామిల్లు నుంచి తెచ్చిన పాత టేకులో అసలు అచ్చు చెక్కాను. ముక్కు, బానెట్, పక్కలు, కూర్చునే చోటు, తోక, వేరువేరుగా. అసలు కారు ఒళ్ళు కూడా ముక్కలుగానే విడుతుంది కనక అతుకుల గీతలు ఎక్కడ రావాలో వెతుక్కోనక్కర్లేదు.

రేకు దగ్గర ఆగిపోయాను. అసలు కారుది అల్యూమినియం. మెదార్దో ఫాంటుజ్జి అని మోదెనాలో రేకు పనిలో పేరున్న మనిషి ఉండేవాడు, 250ఎఫ్ ఒంటి పని ఆయన చేతిమీదుగా నడిచింది. ఆ ముక్కు చూడండి ఎక్కడైనా ఫోటో దొరికితే. ఎదురుగా కోలగా నోరు, అక్కడి నుంచి పైకీ పక్కలకీ ఒకేసారి ఉబ్బుతూ వెనక్కి పోతుంది. మడతపెడితే వచ్చే ఆకారం కాదది, రేకును సాగదీయాలి, కొన్నిచోట్ల కుదించాలి. మాకు టూల్‌రూమ్‌లో మిల్లీమీటరులో వందో వంతు తెలుసు గానీ ఈ విద్య తెలీదు. కొడితే రేకు ముడతలు పడేది, ఇంకా కొడితే చిరిగేది.

మా దగ్గర హెల్పరుగా చేసే కుర్రాడిది జనగామ. "మా దిక్కు పెంబర్తిల చూపియ్యరాదు సార్" అన్నాడు. వరంగల్ రోడ్డు మీద బస్సు దిగి నడిచి వెళ్ళాం. పెంబర్తి అంటే తెలిసిందే కదా, ఇత్తడి, రాగి రేకు పని. గుడి తలుపులకీ ధ్వజస్తంభాలకీ తొడుగులు, మకరతోరణాలు, దేవుడి వాహనాలు. ఒక ఇంటి వరండాలో పెద్దాయన ఒకాయన లక్క మీద పరిచిన రేకుపైన ఏనుగు తొండం తేలుస్తున్నాడు. హెల్పరు కుర్రాడికి ఏదో వరస. నా టేకు ముక్కు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఏ గుడిది బిడ్డా ఈ వాహనం?"

కారు ముక్కు అని చెప్పాను. ఆయనకు తేడా ఏమీ అనిపించినట్టు లేదు. ఒక రాగి ముక్క తీసి, నా చేత కొట్టించి చూసి, సుత్తి లాక్కున్నాడు. "కొట్టుడు కాదు బిడ్డా, జరుపుడు. నడుమ ఉబ్బు రావాల్నని నడుమనే కొడ్తే అక్కడ పల్చనై పగుల్తది. చుట్టూ అంచు నుంచి లోపటికి నెట్టుకుంట రా."

ఆ పూటంతా ఆయన చేయి చూస్తూ కూర్చున్నాను. ఒక్కో దెబ్బా పక్క దెబ్బ మీద సగం పడుతుంది. బలం లేదు, తొందర లేదు. అంచు దగ్గర ముడత లేస్తే మనం దాన్ని చూసి భయపడతాం. ఆయన దాన్ని కావాలనే లేపుతాడు, లేపిన ముడతను కొన నుంచి కొద్దికొద్దిగా అణచి లోపలికి తోసేస్తాడు. ఆ తోసిన రాగి అక్కడ మందమై, అంచు కురచవుతుంది. ఉబ్బు దానంతట అదే వస్తుంది. కొంతసేపటికి సుత్తి శబ్దం మారింది. అప్పటిదాకా మొద్దుగా ఉన్నది ఖంగుమనడం మొదలైంది. "ఇన్నవా, ఏడుస్తున్నది. కాల్చాలె." దెబ్బలకు రాగి బిరుసెక్కిపోతుంది. నీడలో పెట్టి ఎర్రబారేదాకా కాల్చి నీళ్ళలో ముంచితే మళ్ళీ మెత్తబడుతుంది. ఉక్కును అలా ముంచితే గట్టిపడుతుంది, రాగిది దానికి రివర్సు. ఈ సంగతి నేను ఎప్పుడో డిప్లొమాలో చదివి మార్కులు తెచ్చుకున్నదే. శబ్దం విని తెలుసుకోవడం మాత్రం అక్కడే చూశాను.

డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "అయినంక తెచ్చి చూపియ్యి" అన్నాడు.

అల్యూమినియం ఆలోచన అక్కడితో వదిలేసి రాగి పట్టుకున్నాను. సనత్‌నగర్ వాటా వెనక పెరట్లో కిరోసిను బ్లోల్యాంపు, బకెట్టు నీళ్ళు, చెక్క సుత్తి. కాల్చిన ప్రతిసారీ రాగి నల్లగా కమిలిపోతుంది, ఆ నలుపు మీద కొడితే రేకులోకి దిగిపోతుంది కనక ముందు తోమాలి. యాసిడ్ ఇంట్లో ఎందుకని చింతపండు రసంలో వేసేవాణ్ణి. అమ్మకు మొదట్లో వింత, తరవాత కోపం. "పులుసుకి లేదు గానీ నీ బండికి కావాలిట్రా చింతపండు!" అంటూనే, పాత చింతపండు వేరే డబ్బాలో పోసి బండి చింతపండు అని పక్కన పెట్టింది. రాగి చెంబులు తోమిన చేయి కదా, నా చేతికన్నా ఆవిడ చేతిలోనే ముక్కు బాగా మెరిసేది.

అమ్మ అడిగిన ఇంకో ప్రశ్న, ఇలాంటివి ఆడవాళ్ళు నడిపేవారా అని. నడిపారు, ఇదే కారు నడిపారు. మరియా తెరెసా దె ఫిలిప్పిస్ అని ఇటలీ ఆవిడ 1958లో 250ఎఫ్‌లో బెల్జియం గ్రాండ్ ప్రీలో దిగి పదో స్థానంలో వచ్చింది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫార్ములా వన్ రేసులో దిగిన మొదటి మహిళ. ఆ తరవాత అమ్మ చింతపండు గురించి మాట్లాడలేదు. రెంటికీ సంబంధం ఉందని నేననడం లేదు.

రేకు మందం గురించి ఒక మాట. నేను వాడింది అర మిల్లీమీటరు రేకు. పన్నెండింతలు చేస్తే ఆరు మిల్లీమీటర్లు. అసలు కారు తొడుగు అంత మందం ఎక్కడుంటుంది! అందుకని అంచు బయటికి కనపడే ప్రతిచోటా, ముక్కు నోటి దగ్గర, కూర్చునే చోటి చుట్టూ, లోపలి వైపు నుంచి ఆకురాయి పట్టి కత్తి అంచులా పల్చగా దించాలి. మోడల్ బొమ్మలా కనపడేది ఎక్కువగా అక్కడే. ఆకారం ఎంత కుదిరినా అంచు మందంగా ఉంటే కన్ను నమ్మదు. బరువు మాత్రం రాగితో ఏం చేసినా కుదరదు. అసలు కారు సుమారు 630 కిలోలు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పన్నెండో వంతు కనక బరువు 1728తో భాగించాలి. అంటే 365 గ్రాములు దాటకూడదు. నాది ఒక్క ఒళ్ళే అంతకు మించి తూగింది.

బానెట్ పక్కన చీలికలు అన్నాను కదా. వేడి బయటికి పోవడానికి రేకును కోసి ఒక పక్క పైకి లేపుతారు, వరసలు వరసలుగా. వీటికి ఉక్కులో చిన్న ఉలి చేసి గట్టిపరిచాను. ఒక వైపు పదును, ఇంకో వైపు నున్నటి గుండ్రం. రేకు కింద సీసం దిమ్మ పెట్టి, గీసిన గీత మీద ఉలి నిలబెట్టి ఒక్క దెబ్బ. పదునున్న వైపు తెగుతుంది, గుండ్రం ఉన్న వైపు సాగి ఉబ్బుతుంది. రెండో దెబ్బ వేస్తే పాడవుతుంది. వరసలో ఒక్కటి వంకర పోయినా రేకు మొత్తం పక్కన పడేయాలి, కన్ను సరాసరి దాని మీదికే పోతుంది. ఈ పని తెల్లవారుజామున చేసేవాణ్ణి, చేయి వణకదని.

ఇక చక్రాలు. వైరు చక్రాలు చేసినవాళ్ళకు తప్ప ఆ బాధ అర్థం కాదు. 250ఎఫ్‌వి బొరానీ వారి వైరు చక్రాలు, ముందువి 16 అంగుళాల రిమ్ములు. 1:12లో 34 మిల్లీమీటర్లు. రిమ్ములు అల్యూమినియం కడ్డీలోంచి లేత్ మీద తీశాం. కన్నాలు వేయడానికి మిల్లింగ్ మిషను మీద, చుట్టును సమాన భాగాలుగా తిప్పే డివైడింగ్ హెడ్ బిగించి, చాచా తిప్పుతుంటే నేను డ్రిల్లు దించేవాణ్ణి. డ్రిల్లు వెంట్రుక కన్నా ఓ పిసరు లావు. ఊపిరి బిగబట్టి దించాలి, ముక్క విరిగి లోపల ఉండిపోతే ఆ రిమ్ము చెత్తబుట్టలోకే. పైగా కన్నాలన్నీ ఒకే వాటంలో ఉండవు. పుల్లలు హబ్బు నుంచి, అంటే చక్రం నడిబొడ్డు నుంచి, నేరుగా బయటికి రావు, ఒకటి ముందుకు వాలితే పక్కది వెనక్కి వాలుతుంది. బయటి వరస ఒక కోణం, లోపలి వరస ఇంకో కోణం. అలా అడ్డదిడ్డంగా పోవడంలోనే బలం ఉంది, వాహనం బరువూ బ్రేకు లాగుడూ అవే మోస్తాయి.

పుల్లలకు వైరు దొరికింది సుల్తాన్‌బజారు వైపు వాద్యాల షాపులో. వీణ తీగ. సన్నగా, గట్టిగా, తుప్పు పట్టకుండా, ఉండాల్సినంత మెరుపుతో. షాపాయన "ఏ స్థాయికి సార్?" అని అడిగాడు. మైక్రోమీటరు తీసి తీగ కొలిచేసరికి నోరు మూసుకున్నాడు. ముక్కలు కోసి, ఒక్కోటీ పట్టకారుతో హబ్బులోకి దూర్చి, రిమ్ములోకి వంచి, సూది కొనతో అరాల్డైట్ చుక్క. హబ్బు రిమ్ముకు నడుమ నిలవడానికి చాచా ఉక్కుతో ఒక ఫిక్చరు, అంటే పట్టి ఉంచే చట్రం, చేశాడు, అది లేకపోతే చక్రం తిప్పితే తలూపుతుంది. చక్రానికి చక్రానికీ మధ్య కొన్నాళ్ళు వేరే పని చేసుకునేవాణ్ణి, లేకపోతే పిచ్చెక్కుతుంది.

టైర్లకు ఉక్కులో రెండు ముక్కల మోల్డు తీసి, జీడిమెట్లలో గ్యాస్కెట్లూ ఓ-రింగులూ చేసే చిన్న యూనిట్‌లో వేడి ప్రెస్సులో పెట్టించాను. టీ డబ్బులతో పని అయిపోయింది.

ఛాసిస్ గొట్టాల పంజరం. ఇది బయటికి సగమే కనపడుతుంది గానీ లేకుండా ఎలా ఉంటుంది? ఇత్తడి కడ్డీలు వంచి, మా వీధి చివరి కంసాలి దగ్గర కూర్చుని ఆయన ఊదుగొట్టం, ఆయన వెలిగారం వాడుకుని వెండి అతుకులు వేశాను. ఒక అతుకు వేస్తే పక్కది కరిగి ఊడిపోతుంది, అందుకని పక్క అతుకు మీద తడి మట్టి ముద్ద పెట్టమని చెప్పింది ఆయనే. ముక్కుపుడకలు చేసే మనిషికి ఇది మోటు పని.

ఇంజను ఒక్కటీ ఒక కారంత పని. వరసగా ఆరు సిలిండర్లు, రెండున్నర లీటర్లు, సిలిండరు వెడల్పు (బోరు) 84 మిల్లీమీటర్లు, పిస్టను కదిలే దూరం (స్ట్రోకు) 75. సిలిండరుకు రెండేసి ప్లగ్గులు, మొత్తం పన్నెండు, వాటికి నిప్పురవ్వకు కరెంటు పుట్టించే రెండు మ్యాగ్నెటోల నుంచి పన్నెండు తీగలు. తీగలకు మోటారు రీవైండింగ్ షాపులో చుట్లు విప్పి ఇచ్చిన వైరు వాడాను. కుడివైపు మూడు వెబర్ కార్బురేటర్లు, ఒక్కోదానికి రెండు గొట్టాలు, ఆ గొట్టాల నోళ్ళు బాకాల్లా విచ్చుకుని ఉంటాయి. చాచా వాటిని తీస్తుంటే లేత్ దగ్గర మా వాళ్ళంతా గుమిగూడేవాళ్ళు. ఎడమవైపు ఎగ్జాస్టు. ఆరు పైపులు వచ్చి కలిసి, ఒంటి పక్కనుంచి తోక దాకా బయటే పోతుంది. రాగి తీగ మీద నికెల్ పూత వేయించి, కొంచెం వేడి చూపిస్తే అసలు ఎగ్జాస్టు లాగే నీలం, గోధుమ రంగులు తిరిగాయి. పెడల్స్ గురించి చెప్పాలి. మధ్యలో యాక్సిలరేటరు, కుడివైపు బ్రేకు! అప్పటి ఇటలీ రేసు కార్లలో అది మామూలే. మోడల్‌లో తల లోపలికి పెట్టి టార్చి వేస్తే తప్ప కనపడవు గానీ, చూసినవాళ్ళలో ఒక్కరు "పెడల్స్ తప్పు పెట్టావు" అంటారని ఆశగా ఎదురుచూసేవాణ్ణి. ఎవరూ అనలేదు.

డయల్స్‌కు చార్టు మీద పెద్దగా గీసి, ఫోటో స్టూడియోలో బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముతో దూరం నుంచి తీయించాం. నెగెటివ్ మీద బియ్యపుగింజంత అంకెలు వచ్చాయి. సీటుకు చెప్పుల షాపులో లైనింగు తోలు. స్టీరింగుకు రోజ్‌వుడ్ రిమ్ము.

రంగు ఎర్రగడ్డ వైపు రోడ్డు పక్క డెంటింగ్, పెయింటింగ్ షెడ్డులో. ఆ అన్న అంబాసిడర్ మడ్‌గార్డులు కొట్టడంలో చేయి తిరిగినవాడు. రాగి ఒంటిని చేతిలోకి తీసుకుని, కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమాడు. వాళ్ళు చూడరు, తడుముతారు. తోక ఎడమ పక్కన ఒక చోట వేలు ఆపి "ఇక్కడ దిగింది సార్" అన్నాడు. నాకు కనపడలేదు. అరగంట తన చిన్న సుత్తితో పని చేసి ఇచ్చాక తేడా తెలిసింది. పెంబర్తి తాత, ఈ అన్న, మోదెనాలో ఫాంటుజ్జి మనుషులు, ముగ్గురూ ఒక బల్ల ముందు కూర్చుంటే భాష అడ్డు రాదనిపించింది నాకు.

ఎరుపు ఎంచడం పెద్ద గొడవ. నా దగ్గర ఉన్నవన్నీ బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు. ఇటలీ కార్లది ఎరుపని తెలుసు, ఏ ఎరుపో తెలీదు. అన్న మారుతి ఎరుపు కలిపి చూపించాడు, మరీ నారింజ వైపు పోయింది. ఒక చుక్క నలుపు, ఒక చుక్క మెరూన్, అట్టముక్కల మీద కొట్టి ఎండలో ఆరబెట్టి చూస్తూ, ఇద్దరికీ ఒకేసారి "ఇదే" అనిపించిన దగ్గర ఆపేశాం. ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) పెయింటు బాగా పల్చన చేసి, పూతల మీద పూతలు. లావుగా పడితే నేను కొట్టిన చీలికలన్నీ పూడుకుపోతాయి. 1 అంకె సైన్‌బోర్డులు రాసే కుర్రాడు ఫ్రీహ్యాండ్‌గా వేశాడు. అసలు కారు మీద కూడా ఎవరో బ్రష్షుతో వేసిందే కదా.

అన్నీ బిగించేసరికి దసరా దగ్గర పడింది. ముందు పెంబర్తి తీసుకెళ్ళాను. తాత రంగు మీద చేయి వేసి "ఇంత పని చేసి రాగిని కప్పేసినవా!" అని బాధపడ్డాడు. ఇప్పటికీ ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. రంగు వేయకుండా వదిలేసిన ఒళ్ళు అద్భుతంగా ఉండేది, ఆ మాట నిజం. కానీ అది 1957 ఆగస్టు 4 నాటి కారు అయ్యేది కాదు.

ఆయుధపూజ రోజు డెంటింగ్ అన్న కబురు పంపాడు, కారు షెడ్డుకు తెమ్మని. వద్దంటే వినే మనిషి కాదు. చాచాను సైకిలు మీద ఎక్కించుకుని, కారును చెప్పుల డబ్బాలో దూది మధ్య పెట్టుకుని వెళ్ళాను. కడిగిన షెడ్డులో కంప్రెసరు, గ్యాస్ సిలిండరు, సుత్తులు, రేకు వెనక ఆనించే డాలీ దిమ్మలు వరసగా పేర్చి పసుపు, కుంకుమ పెట్టి ఉన్నాయి. మధ్యలో పీట మీద నా కారుకు చోటు. బొట్టు ముక్కు మీద పెట్టబోతుంటే నేను చేయి అడ్డం పెట్టాను, ఎన్.సి. పెయింటు మీద కుంకుమ మరక పడితే పోదు. రంగు వేసింది తనే కనక అన్నకు అర్థమైంది. బొట్టు తీసి డ్రైవరు సీటు వెనక, తోలు మీద పెట్టాడు. తరవాత చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు తెచ్చాడు. నిమ్మకాయ దాదాపు చక్రం ఎత్తు ఉంది. దాన్ని ముందు చక్రానికి ఆనించి వెనక్కి జరిగి చూసి, తల గోక్కుని, "దీని మీంచి పోవాలంటే డ్రైవరెవరు సార్?" అన్నాడు.

చాచా పేరు చెప్పాడు. పలకడం సరిగ్గా రాలేదు గానీ పూర్తి పేరు చెప్పాడు. ఆ తరవాత జేబులోంచి, ఎక్కువ చేసిన ఆ ఐదో నట్టు తీసి కారు పక్కన పెట్టి, దానిక్కూడా బొట్టు పెట్టమన్నాడు.